ఒకే తీరం, పొంతన లేని పుస్తకాలు: వాయవ్య పసిఫిక్ మూలవాసుల చరిత్ర ఎవరు చెప్పారు, ఎవరు రాశారు

క్లుప్తంగా

అలాస్కా ఆగ్నేయ అంచు నుంచి కెనడాలోని బ్రిటిష్ కొలంబియా మీదుగా అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం దాకా ఉన్న తీరం గురించి రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదివితే తల తిరుగుతుంది. తెగల పేర్లు కలవవు. ఒకే ఆచారం ఒక పుస్తకంలో పిచ్చి దుబారా, ఇంకోదాంట్లో పక్కా చట్టం. రచయితలు అబద్ధాలు రాశారని కాదు. ఆ తీరంలో చరిత్ర అంటే ఫలానా వంశానికి చెందిన ఆస్తి, దాన్ని చెప్పే హక్కు కొందరికే ఉంటుంది, చెప్పినప్పుడు సాక్షులుండాలి. పుస్తకాలు చాలాకాలం ఈ మూడింటినీ వదిలేసి వచ్చాయి. గందరగోళం ఎక్కువగా అక్కడే పుట్టింది.

సియాటిల్ పేరు మీద తిరిగే ప్రసంగం

ఆకాశాన్ని, నేలను ఎలా కొంటారు, ఎలా అమ్ముతారు అని అడిగే ఒక ప్రసంగం ప్రపంచంలో ఎన్నో భాషల్లోకి వెళ్లింది. సియాటిల్ నగరానికి ఏ నాయకుడి పేరు పెట్టారో ఆయనే 1850లలో ఇలా మాట్లాడాడని అంటారు. దాని పుట్టుక వెతికితే కథ వేరేగా ఉంటుంది. ఆయన మాట్లాడింది లషూట్‌సీడ్ భాష. ఆ ప్రసంగం మొదటిసారి అచ్చయింది 1887లో, హెన్రీ స్మిత్ అనే డాక్టర్ తన పాత నోట్సు ఆధారంగా అంటూ ఓ స్థానిక పత్రికకు ఇచ్చాడు. అంటే ముప్ఫై ఏళ్లు దాటాక, ఇంగ్లీషులో, ఆనాటి అలంకారాలన్నీ తొడిగి. ఇప్పుడు అందరూ షేర్ చేసేది అది కూడా కాదు. టెడ్ పెర్రీ అనే రచయిత 1970ల మొదట్లో ఒక పర్యావరణ సినిమా కోసం రాసిన స్క్రిప్టు అది. అందులో రైల్లో వెళ్తూ కాల్చేసిన బైసన్ దున్నల ప్రస్తావన ఉంటుంది. సియాటిల్ 1866లోనే చనిపోయాడు, ఖండం దాటే రైలు మార్గం పూర్తయింది 1869లో, పైగా ఆయన ఉన్న తడి అడవుల తీరంలో బైసన్ మందలే లేవు.

ఇందులో పెద్ద పొరపాటు రైలు కాదు, అసలు భావమే. నేల ఎవరి సొత్తూ కాదు అనే మాటను తెచ్చి, ప్రతి వాగుకీ, చేపలు పట్టే ప్రతి రేవుకీ, బెర్రీ పొదలకీ, చివరికి పాటకీ పేరుకీ యజమాని ఉండే తీరం నోట్లో పెట్టారు. ఇప్పటికీ స్థలాల మీద హక్కు కోసం కోర్టుల చుట్టూ తిరుగుతున్న జనానికి ఇలాంటి పొగడ్త మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది తేలిగ్గా తేలే ప్రశ్న కాదు.

పంట లేకుండా సంపద ఎలా?

మానవశాస్త్ర పాఠ్యపుస్తకాలకు ఈ తీరం ఎప్పుడూ ఇబ్బందే. వేట, సేకరణ మీద బతికేవాళ్లు చిన్న గుంపులుగా తిరుగుతూ, పెద్దగా హెచ్చుతగ్గులు లేకుండా ఉంటారని ఆ పుస్తకాల లెక్క. ఇక్కడ చూస్తే వ్యవసాయం లేదు, కానీ శీతాకాలపు శాశ్వత గ్రామాలున్నాయి, సీడర్ చెట్టు పలకలతో కట్టిన భారీ ఇళ్లున్నాయి, దొరలూ సామాన్యులూ బానిసలూ ఉన్నారు. ఇంత సంపద ఎక్కడిదంటే, చాలావరకు సాల్మన్ చేప నుంచి. గోదావరికి ఎదురీదే పులసలాగా సాల్మన్ కూడా గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదిలోకి ఎక్కుతుంది, అదీ ఏటా ఇంచుమించు ఒకే కాలంలో, గుంపులు గుంపులుగా. ఆ కొద్ది వారాల్లో పట్టి, పొగబెట్టి ఎండబెట్టి దాచుకుంటే చలికాలమంతా తిండి ఉన్నట్టే. అందుకే చలికాలంలో చేతినిండా తీరిక, ఆ తీరికలోనే కొయ్య శిల్పాలు, నృత్యాలు, విందులు.

వీళ్లు సముద్రం ఇచ్చింది ఏరుకున్నారంతే అని పాత పుస్తకాలు రాశాయి. అది కూడా నిలబడలేదు. 1995లో జాన్ హార్పర్ అనే భూస్వరూప శాస్త్రవేత్త విమానంలోంచి తీరాన్ని సర్వే చేస్తుంటే, పోటు తగ్గి నీరు వెనక్కి పోయినప్పుడు నీటి అంచునే రాళ్లు పేర్చిన గట్లు వరసగా కనిపించాయి. ప్రకృతి వాటిని ఎలా పేర్చిందో ఆయనకు అర్థం కాలేదు. అక్కడి క్వాక్వకావక్వ్ జనంలో పెద్దాయన ఆడమ్ డిక్‌ని అడిగితే, అవి ఆల్చిప్పల తోటలని చెప్పాడు. రాళ్లు తీసి గట్టు కడితే వెనకాల ఇసుక చేరి నేల చదునవుతుంది, ఆల్చిప్పలు అక్కడ బాగా పెరుగుతాయి. వాటి గురించి ఆ భాషలో మాట ఉంది, కట్టే పద్ధతి తెలిసిన మనుషులున్నారు, లైబ్రరీ నిండా పుస్తకాలు రాసిన పండితులకు మాత్రం అప్పటిదాకా ఆ గట్లు కనపడలేదు. తర్వాత క్వాడ్రా దీవి దగ్గర కొన్ని గట్ల వయసు లెక్కేస్తే 3,500 ఏళ్లు తేలింది.

ఓడ మీది నుంచి రాసినవి

తొలి పుస్తకాలు నావికులవి. కెప్టెన్ కుక్ 1778లో వాంకూవర్ దీవి పడమటి తీరాన యుకోట్ అనే గ్రామం దగ్గర ఆగాడు. చుట్టూ తిరిగి రమ్మని అక్కడివాళ్లు చెప్పిన మాటను ఆ చోటి పేరనుకుని నూట్కా అని రాసుకున్నారని చెబుతారు. ఆ పొరపాటు పేరే రెండు వందల ఏళ్లు పుస్తకాల్లో ఆ జనం మొత్తానికి అంటుకుంది. 1970ల చివర్లో వాళ్లు నూ-చా-నుల్త్ అనే పేరు ఖాయం చేసుకున్నారు. కాబట్టి పాత పుస్తకంలో నూట్కా, కొత్త పుస్తకంలో నూ-చా-నుల్త్ కనిపిస్తే రెండు తెగలు అనుకోవద్దు.

కుక్ యాత్ర వివరాలు 1784లో అచ్చయ్యాయి. ఇక్కడ చవగ్గా దొరికిన సముద్రపు నీటికుక్క (సీ ఓటర్) తోళ్లకి చైనాలోని కాంటన్‌లో ఎంత ధర పలికిందో అందులో ఉంది. చరిత్ర పుస్తకం వ్యాపార ప్రకటనలా పనిచేసింది, ఏడాది తిరిగేసరికి ఓడలు బారులు తీరాయి.

ఈ తరహాలో చదవదగ్గది జాన్ జ్యూయిట్ కథ. 1803లో బోస్టన్ అనే అమెరికా ఓడ కెప్టెన్ స్థానిక నాయకుడు మకిన్నాని అవమానించాడు. అప్పటికే తెల్లవాళ్ల ఓడల మీద లెక్క తేలని పాత పగలున్నాయి. ఓడ మీద దాడి జరిగింది, ఇద్దరే మిగిలారు. అందులో కమ్మరి పని తెలిసిన జ్యూయిట్‌ని ఇనుము కోసమే బతకనిచ్చారు. రెండేళ్లకు పైగా బందీగా ఉన్నాడు. బెర్రీ పళ్ల రసంలో బొగ్గుపొడి కలిపి మరగబెట్టి, గుడ్డలో వడకట్టి సిరా చేసుకుని డైరీ రాశాడు. ఆ డైరీ 1807లో పొట్టిగా, పొడిగా వచ్చింది. 1815లో వచ్చిన నిండు కథను మాత్రం రిచర్డ్ ఆల్సప్ అనే రచయిత జ్యూయిట్‌ని కూర్చోబెట్టి అడిగి అడిగి రాశాడు. ఒకే మనిషి అనుభవం, రెండు పుస్తకాలు. రెండోది ఎక్కువ అమ్ముడుపోయింది, జనం ఇప్పటికీ చదివేది దాన్నే.

బోయాస్ పేరు, హంట్ రాత

ఈ తీరం గురించి అకడమిక్ పుస్తకాలన్నిటికీ మూలం మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్. 1886లో మొదటిసారి వచ్చాడు. కానీ ఆయన పేరు మీద ఉన్న క్వాకియుట్ల్ పుస్తకాల్లో చాలా భాగం జార్జ్ హంట్ పంపిన కాగితాలే. హంట్ తండ్రి తోళ్ల వ్యాపారం చేసే హడ్సన్స్ బే కంపెనీలో పనిచేసిన ఇంగ్లీషువాడు, తల్లి ట్లింగిట్ తెగ ఆవిడ. వాంకూవర్ దీవిలోని ఫోర్ట్ రూపర్ట్‌లో పుట్టి, అక్కడి క్వాక్‌వాలా భాష మాట్లాడుతూ పెరిగాడు. ఆ భాషను రాసే పద్ధతి బోయాస్ నేర్పితే, 1933లో చనిపోయేదాకా వేల పేజీలు రాసి పంపుతూనే ఉన్నాడు. 1921లో వచ్చిన పెద్ద గ్రంథంలో సాల్మన్‌ని ఎలా కోయాలి, బెర్రీలు ఎలా ఎండబెట్టాలి అనే వంట వివరాలు పేజీలకు పేజీలు ఉంటాయి. ఆ సమాచారం హంట్ ఇంటి ఆడవాళ్ల దగ్గరి నుంచి వచ్చిందే, వాళ్ల పేర్లు అట్ట మీద వెతికినా కనపడవు.

క్వాకియుట్ల్ అన్న పేరులోనూ ఇదే తిరకాసు ఉంది. అది నిజానికి ఫోర్ట్ రూపర్ట్‌లో ఉండే ఒక్క సమూహం పేరు. హంట్ అక్కడివాడు కాబట్టి సమాచారం అక్కడిదే ఎక్కువ, దాంతో క్వాక్‌వాలా మాట్లాడే అందరికీ ఆ ముద్ర పడింది. మొత్తం జనం ఇప్పుడు చెప్పుకునే పేరు క్వాక్వకావక్వ్, అంటే క్వాక్‌వాలా మాట్లాడేవాళ్లు.

పాట్‌లాచ్: దుబారానా, రిజిస్ట్రేషనా?

పాఠకులు ఎక్కువ తికమకపడేది ఇక్కడే. పాట్‌లాచ్ అంటే విందు ఇచ్చి, వచ్చినవాళ్లకు దుప్పట్లు, పడవలు, రాగి ఫలకాలు పంచిపెట్టడం. కొన్నిసార్లు ఆ ఫలకాల్ని విరగ్గొట్టేవాళ్లు కూడా. 1925లో ఫ్రెంచి పండితుడు మార్సెల్ మౌస్ దానం మీద రాసిన ప్రసిద్ధ వ్యాసం, 1934లో రూత్ బెనెడిక్ట్ సంస్కృతుల మీద రాసిన పుస్తకం ఈ ఆచారాన్ని ప్రపంచానికి పరిచయం చేశాయి. బెనెడిక్ట్ చదివితే ఆ జనమంతా గొప్పల పిచ్చితో పోటీపడి ఆస్తి తగలేసే మనుషులనిపిస్తుంది. ఆ ఇద్దరూ అక్కడ పరిశోధన చేసినవాళ్లు కాదు, ఇద్దరి ముడిసరుకూ బోయాస్, హంట్‌ల రాతలే. ఒకే సమాచారం మూడు చేతులు మారితే రంగు ఎంత మారుతుందో చూడొచ్చు.

లోపలి నుంచి చూస్తే దాని పని వేరు. ఒకాయన తండ్రి పదవి, పేరు, ఆ పేరుతో వచ్చే పాట, ముసుగు, చేపల రేవు తనకు సంక్రమించాయని చెప్పుకోవాలి. రాత లేదు, ఆఫీసు లేదు. కాబట్టి ఇరుగుపొరుగు ఊళ్ల పెద్దల్ని పిలిచి, వాళ్ల ముందు వంశ చరిత్ర చెప్పి, నృత్యం చూపించి, విన్నందుకు ప్రతిఫలం ఇస్తాడు. ఆ కానుక పుచ్చుకున్నాడంటే విన్నాను, ఒప్పుకున్నాను, రేపు అడిగితే చెబుతాను అని. మన దగ్గర సబ్ రిజిస్ట్రార్ ముందు ఇద్దరు సాక్షులు సంతకం పెట్టినట్టే, కాకపోతే ఇక్కడ సాక్షులు వందల్లో ఉంటారు, స్టాంపు డ్యూటీ దుప్పట్ల రూపంలో సాక్షులకే పోతుంది.

మరి బోయాస్ కాలంలో కనిపించిన ఆ విపరీతమైన పోటీ అబద్ధమా? కాదు, కానీ అది అనాదిగా ఉన్న ఆచారమూ కాదు. 1862లో విక్టోరియా నగరంలో మశూచి మొదలైంది. ఊరి బయట గుడారాల్లో ఉన్న ఉత్తరాది మూలవాసుల్ని అధికారులు తరిమేశారు. వాళ్లు పడవల్లో ఇళ్లకు వెళ్తూ జబ్బును తీరం పొడవునా మోసుకెళ్లారు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. మనుషులు పోయారు గానీ వాళ్ల పదవులు, పేర్లు మిగిలాయి. వాటికి వారసులమని చెప్పుకునేవాళ్లు దూరపు చుట్టాలు, పోటీదారులు. సరిగ్గా అదే కాలంలో చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీల (క్యానరీల) కూలి డబ్బు, కంపెనీ దుప్పట్లు కుప్పలుగా అందుబాటులోకి వచ్చాయి. ఖాళీ పదవులు ఎక్కువ, మనుషులు తక్కువ, చేతిలో సరుకు ఎక్కువ. అంటే ఒక మహా విపత్తు తర్వాతి సర్దుబాటును చూసి, పుస్తకాలు దాన్నే ఆ జనం స్వభావమని రాసేశాయి. 1950లో హెలెన్ కోడీర్ వంటి పరిశోధకులు లెక్కలు తీశాకే ఈ సంగతి మెల్లగా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

నిషేధం ఉండగా వచ్చిన పుస్తకాలు

కెనడా ప్రభుత్వం 1884లో చట్టం చేసి, 1885 నుంచి పాట్‌లాచ్‌ని నేరం చేసింది. రెండు నుంచి ఆరు నెలల జైలు. ఆస్తి పోగేయకుండా పంచేసే జనం నాగరికులు కారని మిషనరీల, అధికారుల వాదన. 1951లో చట్టం మార్చేటప్పుడు ఆ సెక్షన్ చడీచప్పుడు లేకుండా రాలిపోయింది. హంట్ మీద కూడా 1900లో కేసు పెట్టారు, నిర్దోషిగా బయటపడ్డాడు. పుస్తకాల కోసం సమాచారం సేకరించడమే ఆయన పని, ఆ పని మీద ఒక వేడుకకు వెళ్లినందుకు బోనెక్కాల్సి వచ్చింది.

1921 క్రిస్మస్ రోజుల్లో విలేజ్ ఐలండ్‌లో క్వాక్వకావక్వ్ నాయకుడు డాన్ క్రాన్మర్ ఇచ్చిన పాట్‌లాచ్ మీద పెద్ద కేసు నడిచింది. 45 మంది మీద అభియోగాలు పెట్టారు: నృత్యం చేశారు, ప్రసంగించారు, కానుకలు మోశారు. ముసుగులు, రాగి ఫలకాలు అప్పగించిన ఊళ్లవాళ్లకు జైలు తప్పింది, అప్పగించనివాళ్లు సుమారు 20 మంది ఓకాలా జైలుకు వెళ్లారు. ఆ వస్తువులను అలర్ట్ బే చర్చి హాల్లో బెంచీల మీద పరిచి చూపించి, తర్వాత ఒట్టావా, టొరంటో, న్యూయార్క్ మ్యూజియాలకు పంపేశారు. తిరిగి రావడానికి అరవై ఏళ్లు పట్టింది. కేప్ మడ్జ్‌లో 1979లో, అలర్ట్ బేలో 1980లో వాటి కోసం మ్యూజియాలు తెరిచారు. అలర్ట్ బే మ్యూజియం పేరు ఊమిస్తా, బందీగా పోయినవాళ్లు తిరిగి రావడం అని. అక్కడ పాట్‌లాచ్ ముసుగులు అద్దాల పెట్టెల్లో ఉండవు. ఇన్నేళ్లు తాళం వేసి ఉంచింది చాలని.

ఈ నేపథ్యంలో అమెరికా ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ కర్టిస్ ఫోటోల పుస్తకాలు చూడాలి. ఈ తీరం మీద ఆయన సంపుటాల్లో రెండు 1915, 1916లలో వచ్చాయి. సీడర్ పీచు బట్టలు, పాత పడవలు, పాశ్చాత్య వస్తువులు దాదాపు కనపడవు. అప్పటికే ఆ జనం క్యానరీల్లో పనిచేస్తున్నారు, కోట్లు తొడుక్కుంటున్నారు. ఆ బట్టలు హంట్ కుటుంబం కెమెరా కోసం తయారుచేసినవి. ఒక చేత్తో చట్టం ఆచారాన్ని జైల్లో పెడుతుంటే, ఇంకో చేత్తో పుస్తకం దాన్ని అంతరించిపోయిన అందంగా అమ్మింది. ఫోటోలు పనికిరానివని కాదు, ఆ ముఖాలను చూసి తాతమ్మలను గుర్తుపట్టిన కుటుంబాలున్నాయి. వాటిని వార్తా చిత్రాల్లా చదవకూడదు, అంతే.

కథ ఎవరి సొత్తు?

1900 చలికాలంలో జాన్ స్వాంటన్ అనే మానవశాస్త్రవేత్త హైడా ద్వీపాలకు (అప్పటి పేరు క్వీన్ షార్లెట్ దీవులు) వచ్చాడు. ఒకప్పుడు వేలల్లో ఉన్న హైడా జనం అప్పటికి కొన్ని వందలకు పడిపోయారు. స్కాయ్, గాండ్ల్ అనే ఇద్దరు గొప్ప కథకులు చెప్తుంటే, హెన్రీ మూడీ అనే హైడా యువకుడు మాటమాటా నిదానంగా తిరిగి పలికితే, స్వాంటన్ హైడా భాషలోనే రాసుకున్నాడు. గాండ్ల్‌కి చూపు లేదు. వందేళ్లకు కవి రాబర్ట్ బ్రింగ్‌హర్స్ట్ ఆ రాతల్ని ఇంగ్లీషులోకి తెచ్చి, వీళ్లు జానపద కథకులు కాదు, పేరున్న కవులు అని 1999లో వాదించాడు. సాహిత్య లోకం మెచ్చుకుంది. హైడా వైపు నుంచి మాత్రం గట్టి అభ్యంతరాలు వచ్చాయి: మమ్మల్ని అడిగారా అని.

కాపీరైట్ చట్టం ప్రకారం వందేళ్ల నాటి మాటలకు యజమాని ఉండడు. తీరపు చట్టం ప్రకారం ఆ కథ ఒక వంశానిది, నూరేళ్లైనా వెయ్యేళ్లైనా. రెండూ చట్టాలే, రెండిటి మధ్య పుస్తకం నలిగిపోయింది. అనువాదం బాగుందా లేదా అన్నది వేరే ప్రశ్న, జనం ఈ రెండు ప్రశ్నల్ని కలిపేసి పోట్లాడుకున్నారు.

కోర్టులో నోటి చరిత్ర

ఈ గొడవ పండితులకే పరిమితమైతే ఇంత రాయక్కర్లేదు. గిట్‌క్సాన్, వెట్‌సువెటెన్ పెద్దలు 1984లో తమ భూముల మీద హక్కు కోరుతూ కేసు వేశారు. తీరం నుంచి నది వెంట లోపలికి వెళ్తే వాళ్ల ఊళ్లు. 374 రోజుల విచారణలో వాళ్ల సాక్ష్యం పాటలు, వంశ చరిత్రలు. మేరీ జాన్సన్ అనే పెద్దావిడ తమ పాట పాడబోతే, తనకు పాటలు వినే చెవి లేదని జడ్జి ఆపబోయాడు. 1991 తీర్పు వాళ్లకు వ్యతిరేకంగా వచ్చింది. 1997 డిసెంబరులో కెనడా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, నోటి చరిత్రను కాగితాలతో సమానంగా తూచాలని చెప్పి మళ్లీ విచారించమంది. అప్పటి నుంచి ఈ తీరం మీద రాసిన ప్రతి పుస్తకం ఏదో ఒక లాయర్ చేతిలో ఆధారమయ్యే అవకాశం ఉంది, అందుకే కొత్త పుస్తకాల్లో ఎవరు చెప్పారు, ఎవరి అనుమతితో అన్నది మొదటి పేజీల్లోనే కనిపిస్తోంది.

నోటి చరిత్రను ఎంతవరకు నమ్మొచ్చు అనేవాళ్లకు ఒక మంచి ఉదాహరణ ఉంది. వాంకూవర్ దీవిలో పచీనా బే దగ్గర ఒక చలికాలపు రాత్రి నేల కంపించి, అల వచ్చి, ఊరంతా కొట్టుకుపోయిందని ఒక కథ ఉంది. చాలాకాలం దాన్ని పురాణంలా చదివారు. తర్వాత వాషింగ్టన్ తీరంలో ఉప్పునీటిలో నిలువునా చచ్చిపోయిన సీడర్ చెట్ల వలయాలు లెక్కపెడితే, అవి చివరిసారి పెరిగింది 1699లో అని తేలింది. అటు జపాన్ రికార్డుల్లో, భూకంపం లేకుండానే 1700 జనవరిలో సునామీ వచ్చిందని రాసి ఉంది. ఆ అల ప్రయాణ సమయం వెనక్కి లెక్కేస్తే, ఇటువైపు భూకంపం జనవరి 26 రాత్రి 9 గంటల ప్రాంతంలో వచ్చిందని తేలింది. చలికాలం, రాత్రి. కథలో ఉన్నట్టే.

ప్రతి కథా ఇలా రుజువవుతుందని కాదు. హైల్‌ట్సుక్ జనం మంచుయుగంలోనూ గడ్డకట్టని ఒక తీరపు ముక్క గురించి చెప్పుకునేవాళ్లు, ట్రైకెట్ దీవిలో దొరికిన పొయ్యి బొగ్గు వయసు సుమారు 14,000 ఏళ్లని 2017లో వార్తలొచ్చాయి. ఇది కథకు బలమే గానీ, సునామీ అంత ముక్కుసూటి రుజువు కాదు.

ఇప్పుడు చదవాలనుకుంటే

క్వీన్ షార్లెట్ దీవులు 2010లో అధికారికంగా హైడా గ్వాయ్ అయ్యాయి. 2024లో బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం ఆ ద్వీపాలన్నిటి మీదా హైడా హక్కును ఒప్పుకుంది. 1929లో మారియస్ బార్బో అనే పరిశోధకుడు నిస్గా జనం ఊరి నుంచి తరలించగా స్కాట్లాండ్ మ్యూజియం చేరిన స్మారక స్తంభం 2023లో ఇంటికొచ్చింది. బార్బో టోటెమ్ స్తంభాల (వంశ చిహ్నాలు చెక్కిన కొయ్య స్తంభాల) మీద పుస్తకాలు రాసిన పెద్ద పేరు కూడా. ఇవన్నీ పాత పుస్తకాల విలువను తగ్గించాయని కొందరంటారు. నిజానికి వాడకం పెరిగింది. ఊళ్లలో భాషా క్లాసులు పెట్టేవాళ్లు, ఆగిపోయిన వేడుకల్ని మళ్లీ మొదలుపెట్టేవాళ్లు హంట్ పేజీలనే తిరగేస్తున్నారు. కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఆ సమాజాల లోపలి రచయితల్ని చదివి, తర్వాత బోయాస్ దగ్గరికి వెళ్తే తికమక తక్కువ. జ్యూయిట్ ఎప్పుడు చదివినా బాగుంటుంది. బెనెడిక్ట్‌ని చివర్లో చదవొచ్చు, 1930ల అమెరికా ఎలా ఆలోచించిందో తెలుసుకోవడానికి.

బోయాస్ 1897లో వేసిన క్వాకియుట్ల్ పుస్తకం ఇప్పటికీ ఈ తీరం మీద ఎక్కువగా ఉటంకించే వాటిలో ఒకటి. అందులో చాలా తప్పులున్నాయని హంటే స్వయంగా బోయాస్‌కి ఉత్తరాలు రాశాడు. ఏ బొమ్మలో ఉన్నది ఎవరు, ఏ పాట ఏ వంశానిది, ఏ పేరు ఎవరికి ఎలా వచ్చింది అని వందల పేజీల దిద్దుబాట్లు పంపాడు. అవి అచ్చు కాలేదు, దశాబ్దాలపాటు ఆర్కైవులోనే ఉండిపోయాయి. ఇప్పుడు ఊమిస్తా వాళ్లూ, న్యూయార్క్ పరిశోధకులూ కలిసి ఆ దిద్దుబాట్లను పుస్తకంలో ఎక్కడివక్కడ చేరుస్తున్నారు.